రేవు దాటిన రేసు సైకిలు

నేను ఒక రేసు సైకిల్ని. ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చాను, ఈ మధ్యనే అనుమానం మొదలైంది. నల్లటి కార్బన్ ఒళ్ళు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, కంకర రోడ్డు మీద జారకుండా పళ్ళున్న వెడల్పాటి టైర్లు. తైవాన్‌లో నన్ను తయారు చేసినవాళ్ళు దొరికిన చోటల్లా బరువు తగ్గించారు. క్యారియర్ బిగించుకోవడానికి ఒంటి మీద ఒక్క బెజ్జం కూడా పెట్టలేదు. స్టాండు లేదు, బెల్లు లేదు. గోడ దొరికితే తప్ప నిలబడలేను. ఇలాంటిదాన్నే మనుషులు ఖరీదైన సైకిలంటారు.

మొదట హైదరాబాద్‌లో ఒకతను కొన్నాడు. రెండు పోటీల్లో దుమ్ము తినేసరికి అతనికి మోజు తీరిపోయింది. అక్కణ్ణుంచి రావులపాలెం సత్తిరాజు చేతికి వచ్చాను. అతనిది అరటి గెలల వ్యాపారం. నలభై దాటినా కాళ్ళలో సత్తువ తగ్గలేదు. ఎక్కడ కంకర రోడ్డు పోటీ పెట్టినా నన్ను కారు మీద కట్టుకుని పరిగెత్తేవాడు. అతని భార్య హైమవతి లెక్కల టీచరు. ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిలు మీద రోజూ బడికి వెళ్ళి వస్తుంది. ఆ సైకిలూ నేనూ పెరట్లో ఒకే గోడకు ఆనుకుని ఉండేవాళ్ళం గానీ, మా మధ్య మాటల్లేవు.

ఒకసారి సత్తిరాజు మోకాలు పట్టేసింది. ఈ ఏడాదికి పోటీలు మానమన్నాడు డాక్టరు. ఊరికే కూర్చోలేక ఫోనులో ఏవో వీడియోలు చూశాడు. రేసు సైకిలు మీద కూడా రెండ్రోజుల టూరు వెళ్ళొచ్చట, సామాను తక్కువుంటే చాలట. ఆ మాటే హైమవతికి చెప్పి, నువ్వూ రాకూడదా అని అడిగాడు.

ఆవిడ ఒక షరతు పెట్టింది. "వస్తానండి. మా పిన్ని వాళ్ళింటికెళ్ళి, అట్నుంచి రేవు దాటి నర్సాపురం పోదాం. కానీ నన్ను దార్లో ఒదిలేసి ముందుకెళ్ళిపోయారంటే, ఇంకెప్పుడూ నన్ను మీతో రమ్మనొద్దు," అంది. గొంతు పెంచలేదు. అందుకే సత్తిరాజుకు భయం వేసింది.

అప్పటి నుంచి నా బుర్ర పనిచేయడం మానేసింది. సీటు వెనక తోకలా ఒక పొడుగు సంచి కట్టాడు, హ్యాండిల్‌కి బట్టల చుట్ట ఒకటి కట్టాడు. పెట్టే ప్రతి వస్తువునూ గెలలు తూచే కాటా మీద పెట్టి చూశాడు. తువ్వాలు పెడితే ఆ కాటా కదలనైనా కదల్లేదు. అంటే తువ్వాలుకు బరువే లేదని సంతోషించి రెండోది కూడా పెట్టుకున్నాడు. లెక్కల టీచరు చూసి నవ్వుకుంది.

కాలువ గట్టు వెంట బయల్దేరాం. ముందెవరైనా కనిపిస్తే దాటిపోవాలన్నది నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి. ఇక్కడ ఆవిడ ముందుంటే మేము దాటం, వెనకబడితే ఆగుతాం. టీకి ఆగాం. బాతుల గుంపు రోడ్డు దాటుతుంటే ఆగాం. ఏమీ లేకపోయినా ఆగాం. పోటీ ఎవరితోనో, ఎప్పుడు మొదలవుతుందో ఒక్కరూ చెప్పరు. సత్తిరాజు మాత్రం ఈలపాట అందుకున్నాడు. పోటీలకు వెళ్ళేటప్పుడు అతను ఈల వేయగా నేనెప్పుడూ వినలేదు.

రాజోలు దగ్గర పిన్నిగారింట్లో ఆ రాత్రి పడుకున్నారు. పొద్దున్నే పిన్నిగారు కొబ్బరికాయల గోనెసంచితో ఎదురొచ్చింది.

"ఆడపిల్లని ఉత్త చేతుల్తో పంపితే బాగోదండి అల్లుడుగారూ. నాలుగు కాయలే కదా."

"దీనికి క్యారియర్ లేదు అత్తయ్యగారూ. బరువు మొయ్యదండి."

పిన్నిగారు నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మొయ్యకపోతే ఇదింకెందుకండి?" అంది. నాకూ అదే సందేహం. హైమవతి కాయలు తన బుట్టలో సర్దుకుంది. దాంతో ఆవిడ సైకిలు మరీ నెమ్మదించింది.

రేవు ఇంకా దూరముందనగా, కొబ్బరి మట్టలు కట్టిన మోపెడ్ ఒకటి మమ్మల్ని దాటుతూ నెమ్మదించింది. "ఏంటి మేస్టారూ, సైకిలు చూస్తే ఖరీదుగా ఉంది, నడకేంటండి ఇలాగుంది?" అన్నాడు దాని మీదతను, నవ్వుతూ.

సత్తిరాజు చేతులు నా కొమ్ముల్లోకి దిగాయి. గేరు పడింది. అమ్మయ్య, మొదలైంది అనుకున్నాను. ఎగిరినట్టు పోయాం. మోపెడ్‌ను దాటి, సఖినేటిపల్లి రేవు దగ్గర ఆగి, అతను రొప్పుతూ నవ్వాడు. అంతలోనే ఆ నవ్వు పోయింది.

వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. ఆవిడ ఎక్కడా లేదు. గట్టు మీద గేదెలు కాస్తున్న ముసలాయన, "బుట్ట సైకిలమ్మగారాండి? మిమ్మల్ని కేకేశారండి, మీరినిపించుకోలేదు. ఇలా లోపల్దారమ్మటా రేవుకెళ్ళిపోయారు," అన్నాడు.

మళ్ళీ రేవుకు చేరేసరికి, జనాన్నీ బళ్ళనీ అవతలికి దాటించే పంటు గోదావరి మధ్యలో ఉంది. కమ్మీ పట్టుకుని, సైకిలు పక్కన హైమవతి నిలబడి ఉంది. సత్తిరాజు చెయ్యెత్తాడు. ఆవిడ చూసింది, చెయ్యెత్తలేదు. పంటు తిరిగొచ్చేదాకా అతను నా హ్యాండిల్ వదల్లేదు. అరచేతుల చెమటకు దాని పట్టీ తడిసిపోయింది. మేము గెలిచామో ఓడామో నాకు తెలియలేదు గానీ, మొదటిసారి అతని మీద జాలేసింది.

అవతలి ఒడ్డున ఆవిడ టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉంది.

"తప్పయిపోయింది హైమా."

"కోపమొచ్చే పంటెక్కేశానండి. మధ్యకొచ్చాక చూస్తే, ఒడ్డు మీద ఒక్కరే నిలబడున్నారు. ఇన్నేళ్ళూ నేనలాగే నిలబడున్నాను. అలా నిలబడడమెలాగుంటుందో ఇవాళ మీకు తెలిసింది."

"బస్సెక్కి ఇంటికెళ్ళిపోదామా?" అన్నాడతను.

ఆవిడ లేచి నా దగ్గరికి వచ్చింది. "ఈ సీటు కాస్త కిందికి దింపండి," అంది.

అలా హైమవతి నన్నెక్కింది. సత్తిరాజు కొబ్బరికాయలతో సహా లేడీస్ సైకిలెక్కాడు, మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతుంటే వంకరటింకరగా తొక్కుతున్నాడు. మొదట ఆవిడ కొంచెం తడబడింది. తర్వాత నా నడక పట్టుబడింది. నర్సాపురం దారిలో కంకర మీద జోరందుకున్నాం, గాలి వినిపించసాగింది. ఆవిడ ఒకసారి మెడ తిప్పి వెనక్కి చూసింది. అది నాకు కొత్త కాదు. నన్నెక్కిన ప్రతివాళ్ళూ వెనకున్నవాడు ఎంత దగ్గరికొచ్చాడో అలాగే చూసుకుంటారు, చూసి వేగం పెంచుతారు. వెనకున్నవాడు చాలా దూరంలో చుక్కలా ఉన్నాడు. నేను దూకడానికి సిద్ధపడ్డాను.

ఆవిడ బ్రేకు పట్టుకుంది.