సర్వీసులో ఉండగా

విశాఖపట్నం ఆసుపత్రి నుంచి సొంతూరు ఉప్పలగుప్తం తీసుకొచ్చిన రోజున దీనమ్మ బరువు ముప్పై ఏడు కిలోలు. పెద్దపేగులో పుట్టిన కాన్సరును కోసి తీసేసిన ఏడాదికి అది కాలేయంలోకి పాకింది. రెండోసారి పొట్ట కోసి కాలేయంలో సగానికి పైగా తీసేశారు. కారు దిగాక కొడుకు విజయ్ కుమార్ ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకొని తెస్తుంటే గుమ్మంలో నిలబడ్డ కోడలు షైనీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"అత్తయ్యగారేనా అండి ఈవిడ?" అంది.

దీనమ్మ అమలాపురంలో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. ఫైళ్ళ బీరువాను భుజంతో నెట్టి జరిపిన మనిషి. ఇప్పుడు చెక్క కుర్చీలో కూర్చుంటే పిర్రల ఎముకలు చెక్కకు గుచ్చుకునేవి. పక్కకు తిరిగి పడుకుంటే మోకాలికి మోకాలు రాసుకొని పుండు పడేది, మధ్యలో దుప్పటి మడిచి పెట్టుకునేది. ముంజేతి గాజు చెయ్యెత్తితే మోచేయి దాటి పోయేది. నోట్లో ఏది పెట్టుకున్నా, చివరికి రాగి జావైనా, తుప్పు పట్టిన మేకు నాకినట్టుండేది.

"కాలేయం మళ్ళీ పెరుగుతుందమ్మా. మూడు నెలల్లో దాని కొలతకు అది వచ్చేస్తుంది. తిండి తిని మీరే దాన్ని అందుకోవాలి" అని సర్జను ఆమెతో చెప్పాడు. బయట వరండాలో విజయ్ కుమార్‌తో మాత్రం, "ఏడాది దాటితే అదృష్టమే" అన్నాడు. ఆమె రిటైరు కావడానికి అప్పటికి పది నెలలుంది.

మొదటి మూడు నెలలూ ఆ కొడుకు చేసిన సేవ చూసి చర్చిలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మస్కట్‌లో పని పోయి రెండేళ్ళుగా ఇంట్లో ఖాళీగా ఉన్న విజయ్ కుమార్ తల్లికి నీళ్ళు పోశాడు, పక్క బట్టలు ఉతికాడు, గుడ్డు తెల్లసొన చిదిపి చెంచాతో తినిపించాడు. ఇలాంటి కొడుకును కన్నందుకు దీనమ్మ వాంతుల మధ్యలోనే దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

ఒకరోజు ఆఫీసు నుంచి సత్తియ్య గారు చూడడానికి వచ్చారు. పాతికేళ్ళ కిందట దీనమ్మ భర్త కృపారావు అదే ఆఫీసు మెట్ల మీద గుండె ఆగి పోతే, ఆయన ఉద్యోగం ఆమెకు ఇప్పించడానికి ఫైలు తిప్పింది ఈ సత్తియ్య గారే. దీనమ్మ నిద్రపోతోందనుకొని ఆయన ఓరగా వేసిన కిటికీ అవతల అరుగు మీద కూర్చున్నారు.

"చెప్పకూడదు గాని బాబూ, జరగరానిది జరిగితే మీ అమ్మగారి ఉద్యోగం నీకొస్తుంది. కారుణ్య నియామకం. అయితే సర్వీసులో ఉండగా జరగాలి. రిటైరైపోయాక జరిగితే ఏమీ ఉండదు."

"అలాంటి మాటలనకండి సత్తియ్య గారూ" అన్నాడు విజయ్ కుమార్. గొంతు తగ్గించి, "పెళ్ళయిన కొడుక్కి కూడా ఇస్తారా అండి?" అని అడిగాడు.

"పని లేనోడైతే ఇస్తారు."

"ఆయ్" అన్నాడు.

కిటికీ ఇవతల దీనమ్మ కళ్ళు తెరిచే ఉంది. మర్నాడు పొద్దున్న అతను నీళ్ళు పోస్తుంటే ఆ చేతుల్లో ఏమైనా తేడా ఉందేమోనని చూసింది. ఏ తేడా లేదు. తను తప్పుగా అనుకున్నందుకు సిగ్గుపడింది.

నాలుగో నెలలో ఆమెకు కొద్దిగా తిండి పట్టింది. బరువు మిషను ఎక్కి, గోడ పట్టుకొని కిందికి చూసుకుంది.

"ముప్పై తొమ్మిదిరా, విజయ్! రెండు కిలోలు పెరిగేను!"

అతను వంగి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. "మిషను తప్పు చూపిస్తున్నట్టుందమ్మా" అన్నాడు.

డాక్టరు రాసిన పాలపొడి డబ్బా ఆ వారం అయిపోయింది, మళ్ళీ రాలేదు. గుడ్లు అడిగితే, "నీకు అరగవే" అన్నాడు. ఆరో నెలలో చేయించాల్సిన స్కాను వాయిదా పడింది, తర్వాత దాని ఊసే లేదు. నీళ్ళు పోసే పని షైనీ మీద పడింది. ఆ పిల్ల రెండు చెంబులు గుమ్మరించి, తల తుడవకుండానే వెళ్ళిపోయేది.

ఒక ఆదివారం పాస్టరు గారు ఇంటికి వచ్చారు. "మా అమ్మ బాధ చూడలేకపోతున్నానండి. ప్రభువు ఈవిడ్ని ఎక్కువ శ్రమ పెట్టకుండా పిలుచుకోవాలని ప్రార్థన చెయ్యండి" అన్నాడు విజయ్ కుమార్. మంచం చుట్టూ మోకరించి అందరూ ప్రార్థించారు, అందరూ ఆమెన్ అన్నారు. దీనమ్మ పెదవులు బిగించి పడుకుంది.

పక్కింటి మంగాయమ్మ కోళ్ళు పెంచుతుంది. విజయ్ కుమార్ ఇంట్లో లేని వేళ చూసి, రెండు ఉడికించిన గుడ్లు కొంగు చాటున తెచ్చేది.

"ఊళ్ళో ఏటనుకుంటున్నారో తెలుసా వదినా? కన్నతల్లైతే కొడుకు కోసం ఈపాటికి కళ్ళు మూసుకోదా అంటున్నారు."

"నువ్వూ అలాగే అనుకుంటున్నావా?"

"అనుకుంటున్నాను" అంది మంగాయమ్మ. "గుడ్డు తిను."

దీనమ్మ తిన్నది. సగం కక్కుకుంది. మిగిలిన సగం నిలిచింది. మర్నాడు మళ్ళీ తిన్నది. గోడ పట్టుకొని వాకిలి దాకా, ఆ తర్వాత రోడ్డు మీద కల్వర్టు దాకా నడిచింది. కుట్లు పడ్డ చోట పక్కటెముకల కింద కత్తి దిగినట్టయ్యేది. ఎవరూ చెయ్యి అందించలేదు.

రిటైర్మెంటుకు రెండు వారాలుందనగా విజయ్ కుమార్ ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత అతను అంత దగ్గరికి వచ్చాడు.

"నాన్న పోయి నీకు ఉద్యోగం ఇచ్చేడమ్మా. ఆ తిండితోనే మనం బతికేం. నాకెవరిచ్చేరు చెప్పు?"

ఆమె మోచేతి మీద ఆనుకొని లేచి కూర్చుంది.

"మీ నాన్న నాకు ఉద్యోగం ఇద్దామని పోలేదురా. ఆ మెట్ల మీద ఆయన్ని అడిగుంటే బతుకుతాననే అనేవారు. నేనూ అదే అంటున్నాను."

"ఏం చూసుకుని బతుకుతావే? అద్దంలో చూసుకున్నావా?"

"చూసుకున్నాను" అంది దీనమ్మ.

నెలాఖరున ఆమె ఆటోలో అమలాపురం వెళ్ళింది. తోడు మంగాయమ్మ ఒక్కతే. ఆఫీసులో శాలువా కప్పి దండ వేశారు. బంతిపూల దండ బరువుకు మెడ ముందుకు వంగిపోతే సత్తియ్య గారే తీసి ఒళ్ళో పెట్టారు. ఆయన ఆమె మొహంలోకి చూడలేదు. రెండు మాటలు మాట్లాడమంటే కుర్చీ పట్టుకొని లేచి, "బతికే ఉన్నానండి" అంది. సరదాగా అందనుకొని అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చేసరికి కొడుకు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులు ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. గంజి తనే కాచుకుంది.

నాలుగో రోజు సత్తియ్య గారు పెన్షన్ కాగితాల మీద సంతకాలకు వచ్చారు. అరుగు మీదే విజయ్ కుమార్‌కు అంతా వివరించారు. ఆవిడ బతికున్నంత కాలం నెలనెలా పెన్షన్ వస్తుంది, ఆవిడ తర్వాత ఈడొచ్చిన కొడుక్కి ఏమీ రాదు. ఈసారి కిటికీ తెరిచే ఉంది. అన్నీ అడిగి తెలుసుకుంటున్న విజయ్ కుమార్ గొంతు తగ్గించనూ లేదు.

ఆ సాయంత్రమే పాలపొడి డబ్బాలు రెండు, ఒక అట్ట నిండా గుడ్లు ఇంటికొచ్చాయి. షైనీ నీళ్ళు కాచి, తల తుడిచి, జడ వేసింది. "స్కానుకి రాయించేను. ఎల్లుండి వైజాగ్ వెళ్దామమ్మా" అన్నాడు విజయ్ కుమార్. చెప్పిన రోజున దీనమ్మ కారెక్కింది.

స్కాను చూసిన సర్జను కళ్ళజోడు తీసి పెట్టాడు. "మచ్చ లేదు. కాలేయం నిండుగా పెరిగింది. ఆరో నెలలో రమ్మంటే ఎందుకు రాలేదు?"

"అమ్మకి ఓపిక లేదండి" అన్నాడు విజయ్ కుమార్.

డాక్టరు ఆమె వైపు చూశాడు. దీనమ్మ తన చేతుల వైపు చూసుకుంది.

బయట వరండాలో విజయ్ కుమార్ తల్లి కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "దేవుడు నిన్ను నాకు మిగిల్చేడమ్మా!" అన్నాడు. అది దొంగ ఏడుపు కాదు. కడుపున మోసింది కాబట్టి ఆమెకు తెలుసు. దొంగ ఏడుపైతే బావుణ్ణనిపించింది. అతని తల మీద చెయ్యి వెయ్యబోయి, ఆ చేతిని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

తిరుగు దారిలో రావులపాలెం దగ్గర కారు ఆపించి అతను చక్రకేళీ అరటిపళ్ళు కొన్నాడు. ఒకటి ఒలిచి ఆమె నోటి దాకా తెచ్చాడు.

"తినమ్మా. బలం రావాలి."

"ఎన్నాళ్ళు బతకమంటావురా?"

"అదేం మాటే! నూరేళ్ళు."

దీనమ్మ పండు అతని చేతిలోంచి తీసుకొని, తన చేత్తో తిన్నది. నోట్లో ఇంకా కొంచెం తుప్పు రుచి ఉంది. అయినా నమిలి మింగి, ఇంకోటి ఇమ్మని చెయ్యి చాపింది.