మిషన్ నూనె వాసన లేని కలం

నాన్న అప్పటికే పోలీసుల నంబరు నొక్కేశాడు. ఫోను చెవి దాకా వెళ్లేలోపే లాక్కుని కట్ చేశాను.

“దొంగని దుకాణంలో పెట్టుకుని మేపుతావా?” అన్నాడు.

ఆ మాట పడ్డ మనిషి, మా పాలిష్ పిన్ని, మైనం గుడ్డ చేత్తో పట్టుకుని గోడవారగా నిలబడి ఉంది. పేరుకే పిన్ని, మాకు చుట్టరికం ఏమీ లేదు. పదిహేనేళ్లుగా మా కలాల దుకాణంలో పనిచేస్తోంది. లేత్ మీద కర్రని తిప్పి కలంగా చెక్కేది నేను, దానికి మెరుగు పెట్టేది ఆవిడ. ఈ ఏడాదే ఆవిడకి లేత్ పని కూడా నేర్పాను.

కౌంటరుకి అవతల టీచరమ్మ, కుర్చీ వేసినా కూర్చోలేదు. నెల కిందట తన తల్లి కుట్టుమిషన్ బల్ల నుంచి కోయించిన జానెడు ముక్క తెచ్చి ఇచ్చింది. ఆ మిషన్ తొక్కే ఆ తల్లి నలుగురు ఆడపిల్లల్ని చదివించింది. సోమవారం హెడ్మిస్ట్రెస్‌గా చేరి, తొలి సంతకం ఆ కర్రతో చేసిన కలంతోనే పెట్టాలని టీచరమ్మ కోరిక. నిన్న కలం తీసుకెళ్లింది. ఇవాళ దుకాణం తెరవకముందే వచ్చి మెట్ల మీద నిలబడింది.

“అరచేతిలో రుద్ది వాసన చూడు,” అంది నాతో.

రుద్దాను. ఉత్త టేకు వాసన. నేను డ్రిల్లు దింపిన రోజు ఆ ముక్కలోంచి వచ్చింది మిషన్ నూనె వాసన. ముప్పయ్యేళ్లు తాగిన నూనె. సబ్బుతో కడిగినా రెండు రోజులు నా వేళ్లని వదల్లేదు. అంటే కర్ర మారింది. మా దుకాణంలోనే మారింది.

నాన్నకి ఆలోచించడానికి క్షణం కూడా పట్టలేదు. రంధ్రం చేసి, లోపల ఇత్తడి గొట్టం అతికించి, ముక్కని సిద్ధంగా ఉంచి నేను పాళీలు కొనడానికి మూడు రోజులు ఊరెళ్లాను. ఆ మూడు రోజులూ తను జ్వరంతో ఇంట్లో పడుకున్నానన్నాడు. దుకాణంలో ఉన్నది పిన్ని ఒక్కతే కాబట్టి, అసలు ముక్క పాడుచేసి వేరే కర్ర అంటగట్టింది ఆవిడేనని తేల్చేశాడు. పిన్ని మాత్రం ఒకటే మాట చెప్పింది. నేను ఊరెళ్లిన మర్నాడు పొద్దున తను వచ్చేసరికి కలం బల్ల మీద తయారై ఉందట. వెళ్లేముందు నేనే పూర్తిచేశాననుకుని పెట్టెలో పెట్టి ఇచ్చేసిందట.

“కలాలు వాటంతటవే తయారవుతాయా? ఆడలేక మద్దెల ఓడంటే ఇదే,” అన్నాడు నాన్న.

పిన్ని మైనం గుడ్డని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. మళ్లీ రాని మనిషి పెట్టే మడత అది. పోలీసులు రాకపోయినా, దొంగ అన్న మాట బయటికి పొక్కాక ఆవిడకి ఏ దుకాణం తలుపూ తెరుచుకోదు. నాకు ఒళ్లు మండిపోయింది. కలం తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాను.

ఎండకి పెట్టి మెల్లగా తిప్పాను. పిన్నికి నేను నేర్పింది ఒకటే పద్ధతి. ఉలితో దింపాలి, ఉప్పుకాగితంతో రుద్దాలి, మైనం పట్టించాలి. ఎంత సన్నని కాగితం వాడినా కర్ర చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు మిగులుతాయి. నా కలాల మీదా ఉంటాయి. దీని మీద ఒక్కటి లేదు. మైనమూ లేదు. తిరిగే కర్రకి దాని పొట్టునే గుప్పెడు పట్టి అదిమితే వచ్చే నిగనిగ ఇది. నేను చేసేదానికంటే మంచి కలం. మోసానికి చేసినా నాసిగా చేయడం ఆ చేతికి తెలియలేదు.

ఉలి అంచుతోనే పని ముగించే మనిషి మా దుకాణంలో ఒక్కరే. రెండేళ్ల కిందట చేతికి వణుకు మొదలైంది. వచ్చి పోతుంటుంది, ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే ఇక లేత్ ముట్టనని నాకు మాటిచ్చాడు.

నాన్న ఉలుల సంచి గోడకి వేలాడుతోంది. దానిమీద చెయ్యి వేశాను.

“అందులో ఏముంటుంది, తుప్పు తప్ప?” అన్నాడు నాన్న. నా వైపు ఒక అడుగు వేశాడు.

ముడి మీద దుమ్ము లేదు. విప్పగానే మిషన్ నూనె వాసన గుప్పుమంది. పెద్ద ఉలి పక్కన, నాన్న చేతిరుమాల్లో చుట్టి, నిలువునా చీలిన కర్ర. లోపల నేను అతికించిన ఇత్తడి గొట్టం. పారేయడానికి మనసొప్పలేదు కాబోలు.

టీచరమ్మ ఆ చీలికలు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

నాన్న నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. “ఈ మేస్త్రి చెయ్యి పోయిందని ఊరంతా చెప్పుకోవాలా తల్లీ? మీ పిన్నికేం, ఇంకోచోట పని దొరుకుతుంది.”

చెయ్యి వణికినందుకు ఏమీ అనేదాన్ని కాదు. కర్ర చీలినందుకూ అనేదాన్ని కాదు, అది నా చేతిలోనైనా చీలేది. కానీ ఇందాక పిన్ని వైపు వేలు చూపించినప్పుడు ఆ చెయ్యి రవ్వంత కూడా వణకలేదు.

పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటబోతోంది.

“ఆగు పిన్నీ. నువ్వు కూడా వినాలి,” అన్నాను.

“మరి ఇది ఎవరి పని అమ్మాయ్?” అంది టీచరమ్మ.

రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా వినబడేలా చెప్పాను.

“మా నాన్నండి. కర్ర మార్చింది మా నాన్న.”