ఎర్ర పెన్ను ఆగిన చోట

రాజమండ్రిలో శివరామకృష్ణ గారి దగ్గర ఇంగ్లీషు చదివిన వాళ్లందరికీ ఆయన ఎర్ర పెన్నంటే హడల్. ఆయన రిటైరయ్యారు గానీ ఆ పెన్ను రిటైరవలేదు. మనవరాలు హారతి స్నేహితురాలు వీరదుర్గ తనంతట తానే ప్రాణం తీసుకుంది. కాలేజీ సంతాప సభలో చదవాల్సిన నాలుగు మాటలూ ఇంగ్లీషులో రాసి, దిద్దమని హారతి ఆయన చేతికిచ్చింది.

“‘డైడ్ బై సూసైడ్’ ఏంటే? ‘కమిటెడ్ సూసైడ్’ అనాలి. సర్వీసంతా ఇదే చెప్పాను!” అంటూ ఆయన కొట్టేశారు.

“‘కమిట్’ అంటే దొంగతనానికీ హత్యకీ వాడే మాట కదా తాతయ్యా? దుర్గ ఏం నేరం చేసింది?”

“సభకొచ్చినా వాళ్లమ్మకి ఇంగ్లీషు రాదుగా!”

“పక్కన కూర్చునే వాళ్లకి వచ్చుగా. ఆవిడ్ని నేరం చేసినదాని తల్లిలాగే చూస్తారు.”

పెన్ను ఆగిపోయింది.

ఆయన తమ్ముడు పెద్దిరాజు కూడా అలాగే పోయాడు. హాలు గోడ మీద ఇంట్లో పోయినవాళ్లందరి ఫొటోలూ దండలతో ఉన్నాయి, అతనిది తప్ప. ఎవరైనా అడిగితే ఏం చెప్పుకోవాలని, అప్పట్లో తండ్రి దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టించారు. అది ఇంకా అక్కడే ఉంది.

కొట్టేసిన మాటనే మళ్లీ పైన తన చేత్తో రాసి, కాగితం హారతికిచ్చి, ఆయన లోపలికి వెళ్లారు. ఫొటో తెచ్చి కండువాతో తుడిచారు.

“మీ చిన్నతాతయ్యే. మా నాన్న పక్కన మేకు కొడతాను. స్టూలు గట్టిగా పట్టుకో అమ్మడూ.”