సర్వర్ నిండా చిన్నల్లుడి తప్పులు

పెద్దల్లుడి చెప్పుల చప్పుడు వినబడితే చాలు, సర్వర్ గదిలో ఎర్రలైట్లు బుద్ధిగా పచ్చబడేవి. పన్నెండేళ్ళలో అతని చేతికింద ఆ సర్వర్ ఒక్క పూటయినా పడకేసి ఎరగదు. ఒట్టు!

ఆ సర్వర్ మామగారిది. నాలుగొందలమంది వెబ్‌సైట్లు అందులోనే కాపురం. వాటి బాగోగులు చూసే కంట్రోల్ ప్యానెల్‌కి పెద్ద పాస్‌వర్డ్ ఒకటుంది. అది తెలిసినవాడే గదికి దొర. మామగారు కాక అది పెద్దల్లుడికొక్కడికే తెలుసు. ఎనిమిది నెలల కిందట చిన్నల్లుడొచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. అప్పట్నుంచీ మామగారు కాఫీ ముందు ఆ కుర్చీకే అందిస్తున్నారు. పెద్దల్లుడి కడుపులో కుంపటి అంటుకుంది.

ఒక సోమవారం పొద్దున్నే ప్యానెల్ మొరాయించింది. పాస్‌వర్డ్ కొడితే సరేనన్నట్టే అని, మళ్ళీ గుమ్మం బయటికే నెట్టేస్తోంది. గట్టిగా అడిగితే 'ఎర్రర్ 500' అని మొహాన కొడుతోంది. పడకేసి ఎరగదన్నాను కదూ? ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. నెలకోసారి పడకేసేది. లైట్ల సంగతీ అంతే.

"ఈ పూట దీన్ని ఎవరు లేపితే పెద్ద పాస్‌వర్డ్ ఇకమీదట వాళ్ళ దగ్గరే," అన్నారు మామగారు, ఫోన్ల మోతలో.

పెద్దల్లుడు ప్యానెల్‌ని ఆపి మళ్ళీ నడిపాడు. సర్వర్నే ఆపి నడిపాడు. వైర్లు పీకి గుచ్చాడు. ఉలుకూ పలుకూ లేదు. పక్కన చిన్నల్లుడు, దువ్విన క్రాపు చెదరకుండా, నల్లతెర మీద రెండు ముక్కలు టైపు చేశాడు.

"అన్నయ్యా, డిస్కు నిండిపోయింది. లోపలికొచ్చినవాళ్ళ పేరు రాసుకోడానికి కూడా చోటు లేదు దీనికి. అందుకే గెంటేస్తోంది."

ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? పెద్దల్లుడి చెవులు ఎర్రబడ్డాయి.

"చోటంతా ఏ ఫోల్డర్ తినేసిందో చూద్దాం," అన్నాడు చిన్నల్లుడు.

అప్పుడు పడింది పెద్దల్లుడి గుండెల్లో రాయి. చిన్నల్లుడు ఏ వెబ్‌సైట్ ముట్టుకున్నా, ముందోసారి, తర్వాతోసారి దానికి పూర్తి కాపీ దాచేలా ఏర్పాటు చేసింది తనే. ఎప్పటికైనా ఒక తప్పు దొరక్కపోతుందా, మామగారి ముందు పరవకపోతానా అని. చిన్నల్లుడా, పనిమంతుడు. రోజుకి ఇరవైసార్లు ముట్టుకునేవాడు. కాపీలన్నీ ఆ డిస్కులోనే. నిప్పంటుకుంటే పనికొస్తాయని బిందెలు నింపి, ఆ బిందెలతో వీధిగుమ్మమే మూసేసినట్టయింది.

తెరమీదికి ఫోల్డర్ వచ్చింది: 'చిన్నోడి తప్పులు'. లోపల ప్రతి కాపీ మీదా చిన్నల్లుడి లాగిన్ పేరు, తేదీ, గంట.

చిన్నల్లుడు ఆ జాబితా పైనుంచి కిందిదాకా చదివాడు.

"ఏం దొరికింది అల్లుడూ?" వెనకనుంచి మామగారు. కళ్ళజోడు లేక ఆయనకి తెర మసక.

"పాత కాపీలు మావయ్యా. అన్నయ్య ముందుజాగ్రత్తకి దాచారు. చెరిపేస్తే సరి."

గండం గడిచింది. పెద్దల్లుడు నోరు మూసుకుని ఉండొచ్చు. కానీ కుంపటి ఊరుకుంటుందా? సర్వర్ లేపిన పేరూ వీడికే, మంచితనం పేరూ వీడికేనా?

"ముందుజాగ్రత్తా కాదు, నా మొహమూ కాదు మావయ్యా! వీడి తప్పులు పట్టుకోడానికే దాచాను!"



"ఇంతకీ ఎన్ని దొరికాయేం?" అన్నారు మామగారు.

"ఒక్కటీ లేదు," అన్నాడు పెద్దల్లుడు, తనకేదో ఘోరమైన అన్యాయం జరిగిపోయినట్టు.

మామగారు కడుపు పట్టుకుని నవ్వారు. పెద్దల్లుడు తన చేత్తోనే ఫోల్డర్ చెరిపాడు. ప్యానెల్ తలుపు తీసింది. పెద్ద పాస్‌వర్డ్ చిన్నల్లుడి చేతికి వెళ్ళింది.

"అన్నయ్యా, నా పనికి మీ అంత శ్రద్ధగా ఎవరు కాపలా కాస్తారు? కాపీలు మీరే తియ్యండి. కాకపోతే వేరే డిస్కులో."

"తీస్తాను. కానీ కాఫీ ముందు నాకు రావాలి."

వచ్చింది. ఒక గుక్క తాగి, పక్క కప్పులోకి తొంగిచూశాడు. "నీదాంట్లో చక్కెర ఎక్కువేశారా తమ్ముడూ?"

లైట్ల సంగతి ముందే ఒప్పేసుకున్నాను. ఇక నేను కల్పించింది ఆ ఫోల్డర్ పేరొక్కటే. అసలు పేరు వట్టి 'కొత్త2'. అసూయపడేవాడెవడైనా ఫోల్డర్ మీద ఆ సంగతి రాసి పెట్టుకుంటాడా? మీరు మరీ, నమ్మేశారు!