చిన్నవాడి తాళంచెవి

మా ఆయన పని తాళాలు, ఫోనుతో తెరుచుకునేవి. ఒక కంపెనీ తాళం ఇంకో కంపెనీ ఫోనుతో తెరుచుకోదు. అలా కాదు, ఏ ఫోనుకైనా ఏ తాళమైనా తెరుచుకునే ఉమ్మడి పద్ధతి ఒకటి ఉండాలని పోటీ కంపెనీలన్నిటితో ఏళ్ల తరబడి వాదించి ఒప్పించారు. అంత చేసిన మనిషి ఇంటికి మాత్రం పాత ఇత్తడి తాళమే ఉండేది. అత్తగారి దగ్గర ఆయన పప్పులేమీ ఉడకలేదు.

"చిన్నవాడి దగ్గర ఈ తాళంచెవే ఉంది" అనేవారు ఆవిడ. ఇక ఆ పైన మాట ఉండేది కాదు.

చిన్నవాడంటే మా మరిది. ఆసుపత్రిలో మామగారు రోజూ ఇంటికి పోదామనేవారు. తీసుకెళ్దామని మరిది, వద్దని మా ఆయన. మా ఆయన మాటే నెగ్గింది, మామగారు ఆ మంచం మీదే పోయారు. ఆ తర్వాత మరిది ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. వెళ్తూ తాళంచెవి మాత్రం తిరిగివ్వలేదు. అత్తగారు ఆ ఒక్క సంగతి పట్టుకుని ప్రాణం నిలబెట్టుకున్నారు.

చివరికి ఆ తాళమే మొరాయించింది. అత్తగారు లోపల, మేం బయట. దాన్ని పగలగొట్టక తప్పలేదు. కొత్తది ఫోను చూపిస్తే తెరుచుకునేది. దానికి చెవి పెట్టే రంధ్రమే లేదు, నున్నటి పలక. తమ్ముడి ఫోనుకూ తాళంచెవి పంపేశానని, వాడిది ఏ ఫోనైనా ఫరవాలేదని మా ఆయన భరోసా ఇచ్చారు. ఆయన ఫోనులో "పంపాం" అని ఉంది. అవతలివాళ్లు తీసుకుంటే అది "తీసుకున్నారు" అని మారుతుందట.

"తీసుకున్నాడా?" అని అడగడం అత్తగారికి అలవాటైపోయింది. లేదని చెప్పడం మా ఆయనకు అలవాటు కాలేదు, ప్రతిసారీ తల దించుకునే చెప్పేవారు. ఒకసారి ఫోను చెయ్యరాదా అని నేనంటే, పంపాను కదా అనేవారు. నాకు ఒళ్లు మండేది. లోకంలోని తాళాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలట, ఒక తల్లి బిడ్డలు మాత్రం మాట్లాడుకోరట.

మామగారు పోయిన రోజు మళ్లీ వచ్చింది. ఆ సాయంత్రం తలుపు మీద ఏదో గీరుతున్న చప్పుడైంది. పిల్లేమో అనుకున్నాను.

"వాడే" అన్నారు అత్తగారు. మోకాళ్ల నొప్పుల మనిషి, నాకంటే ముందే తలుపు దగ్గరికి చేరారు.

అప్పటికే మరిది మెట్లు దిగిపోతున్నాడు. గడ్డం నెరిసింది. చేతిలో ఇత్తడి తాళంచెవి.

"నేను రాకూడదనే మార్చారా అమ్మా?" అన్నాడు.

"నీకూ పంపాన్రా" అన్నారు మా ఆయన, వెనక నుంచి.

"నీ నంబరు ఎప్పుడో బ్లాక్ చేశాను."

అన్ని కంపెనీలనూ కలిపిన మనిషికి ఆ సంగతి తట్టనే లేదు. ఆయన మెట్టు మీద కూలబడ్డారు. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది.

"నాన్నను ఇంటికి తీసుకురావాల్సిందిరా" అన్నారు మా ఆయన. "నువ్వు చెప్పిందే నిజం."

మరిది జేబులోంచి ఫోను తీసి, ఏదో నొక్కి, "మళ్లీ పంపు" అన్నాడు.

మా ఆయన పంపారు. కాసేపటికి "తీసుకున్నారు" అని మారింది. చూపిద్దామని తల ఎత్తితే, అత్తగారు ఎప్పుడో కిందికి దిగి చిన్నవాడి చెయ్యి పట్టుకుని పైకి నడిపిస్తున్నారు. ఆ చేతిలో ఇత్తడి తాళంచెవి అలాగే ఉంది.