బాలింత గదిలో కుంపటి

2003 డిసెంబరు 11, గురువారం. ఆ పొద్దున నేను తిన్నవి రెండు జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి. రొట్టె వేడిగా ఉండాలని వంటింటి గడప బయట పీట వేసుకుని కూర్చున్నాను. లోపల కూర్చుంటే పొగకు కళ్లు మండుతాయి. నా భార్య లిదియా లోపలే ఉంది. ఒక రొట్టెకూ ఇంకో రొట్టెకూ మధ్య దగ్గుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఖమ్మంలో ఛాతీ డాక్టరు ఆమె ఎక్స్‌రే చూసి, "బీడీలు తాగుతావా అమ్మా?" అని అడిగాడు. పక్క వరుసలో ఎవరైనా అత్తరు పూసుకుంటేనే చర్చిలో తుమ్ములు ఆపుకోలేని మనిషి మా ఆవిడ. నవ్వేసింది. ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్నావా అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. బీఎస్సీ చదివి, పిల్లలకు ఊపిరితిత్తుల బొమ్మ బోర్డు మీద గీసి చూపించినవాణ్ణి. నాకే తట్టలేదు. పధ్నాలుగు నెలలకు ఆమె పోయింది. ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా పీట తలుచుకుంటే ఇంకా ఎక్కువ.

రిటైరయ్యాక కూడా జూలూరుపాడు అవతల, అడవి అంచున ఉన్న తండాలోనే ఉండిపోయాను. పక్కిల్లు ద్వాలిది. లిదియా పోయినప్పటి నుంచి రోజూ ఒక గిన్నెలో కూర పంపేది. బాగుందా అని ఒక్కనాడూ అడగలేదు. అదే నాకు పెద్ద ఊరట.

2006 డిసెంబరులో ద్వాలి కోడలు శ్రావణికి ఆడపిల్ల పుట్టింది. శ్రావణికి తల్లి లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే. పదకొండో రోజు పొద్దున గోడ అవతల నుంచి పసిపిల్ల ఎగశ్వాస వినిపించింది. అట్లాంటి శ్వాస నేను పధ్నాలుగు నెలలు విన్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను.

ముందు గదిలో సర్కారు పథకంలో వచ్చిన గ్యాస్ పొయ్యి ఉంది. దాని మీద అద్దాలు కుట్టిన గుడ్డ కప్పి ఉంది. చుట్టాలొచ్చినప్పుడు వెలిగిద్దామని మూడేళ్లుగా దాచి ఉంచిన పొయ్యి. లోపలి గదిలో కిటికీకి గోనెపట్టా కొట్టారు, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కారు. మంచం కింద కుంపటి, అందులో వాము, వెల్లుల్లి పొట్టు రాజుకుంటున్నాయి. మంచం మీద పిల్ల. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది.

"ద్వాలమ్మా, ఆ కిటికీ తియ్యి."

"ఏంది సారూ, మతి పోయిందా? పదకొండు దినాల పిల్ల. చలిగాలి తగిల్తే సచ్చిపోతది."

"పొగ తగిల్తే?"

"పొగకెవ్వలు సచ్చిండ్రు? నన్ను గన్న యాడి గిట్లనే చేసింది, ఆమె యాడి గూడ గిట్లనే చేసింది. ఏడుగుర్ని కన్న నేను. నువ్ నాకు చెప్తవా?"

"ఏడుగురిలో ఎందరు మిగిలిండ్రు?"

ఆ మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ద్వాలి ముఖం గట్టిపడింది.

"బాలింత గదిలకు మగోడు రానే రావొద్దు. నడువ్ బయటికి."

"పోను. పొగకెవరు చచ్చిండ్రన్నవు గదా. లిదియా చచ్చింది. కూర్చొని చూసిన."

అప్పుడు మంచం మీది నుంచి శ్రావణి మెల్లగా, "అత్తా," అంది. దిండు కింద నుంచి చిన్న గుడ్డపేలిక తీసింది. "పొద్దుగాల పాప ముక్కు తుడిస్తే గిట్లొచ్చింది."

పేలిక మీద నల్లటి మసి.

"కాటుక అంటినట్టుంది," అంది ద్వాలి.

"కాటుక కండ్లకు పెట్టిన అత్తా. ముక్కుల పెట్టలే."

ద్వాలి ఆ పేలికను చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత దగ్గు వచ్చి, నోటికి అదే అడ్డం పెట్టుకుంది. నేను బయటికి పోయి కోటేష్‌ను కేకేశాను. శ్రావణి మొగుడు, సొంత ఆటో ఉంది. పావుగంటలో బయల్దేరాం.

దవాఖానాలో కుర్ర డాక్టరు పిల్ల ఛాతీ మీద గొట్టం పెట్టి విని, కాగితం మీదికి వంగి అడిగాడు: "ఇంట్లో బీడీ తాగేదెవరు?"

మూడేళ్ల నుంచి గొంతులో ఉన్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఎవరూ తాగరు! పొయ్యి గురించి అడగండి డాక్టరుగారూ. కుంపటి గురించి అడగండి. కిటికీ ఉందా, మూసి ఉందా అని అడగండి. మీ పుస్తకంలో ఆడవాళ్ల ఊపిరితిత్తులు బీడీలతోనే పాడవుతాయా?" వరండాలో అందరూ ఇటే చూశారు.

ఆయన కోప్పడలేదు. పెన్ను పక్కన పెట్టి, "చెప్పండి," అన్నాడు. అన్నీ విన్నాడు. పిల్లకు ఆక్సిజన్ పెట్టాడు, మూడు రోజులు ఉంచుకున్నాడు. పంపేటప్పుడు ద్వాలితో ఒక్కటే చెప్పాడు: "వెచ్చగా కప్పండి. నిప్పు మాత్రం ఆ గదిలో పెడితే మళ్లీ ఇక్కడికే తెస్తారు, ఈసారి నేనేం చెయ్యలేకపోవచ్చు."

ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. పిల్లను చూడడానికి ఎదురింటి లాలి వచ్చింది, తండాలో పెద్దావిడ. ద్వాలి అలవాటు కొద్దీ కుంపటి రాజేసి, రెండు చేతులా పట్టుకుని గడప దాకా వచ్చింది. నేను వాళ్ల వాకిట్లోనే నిలబడ్డాను, తెరిచిన తలుపుల్లోంచి లోపలి గది కనిపిస్తోంది. చెప్పాల్సింది చెప్పేశాను, ఇంక మాట్లాడితే ఆమె మొండికేస్తుందని భయం.

"ఆగినవేందే? పెట్టు, చలి దిగుతున్నది," అంది లాలి. "నిప్పు లేని బాలింత గది నేనేడా సూడలే."

ద్వాలి లోపలికి చూసింది. శ్రావణి పిల్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ద్వాలి వెనక్కి తిరిగి కుంపటిని వాకిలి మధ్యలో దించింది. "నువ్వే కాగు లాలీ. నీకే చలెక్కువున్నట్టున్నది."

లోపలికి వెళ్లి గోనెపట్టా పీకింది. గ్యాస్ పొయ్యి మీది అద్దాల గుడ్డ లాగి, దులిపి, శ్రావణి కాళ్ల మీద కప్పింది. "కోటేషా, గా పొయ్యి ముట్టియ్యి, నీళ్లు పెడదాం. ఎట్ల ముట్టియ్యాల్నో నాకు తెల్వదు."

"చుట్టాలొచ్చినప్పుడంటివి గదా యాడీ?"

"వచ్చింది గద చుట్టం, పదిహేను దినాలైతుంది," అంది ద్వాలి.

లాలి గొణుగుతూ కుంపటికి చేతులు చాపింది. తెరిచిన కిటికీలో నుంచి పిల్ల ఏడుపు వినిపించింది, మామూలు ఆకలి ఏడుపు. కొంతసేపటికి అదీ ఆగింది. ద్వాలి గడపలోకి వచ్చి నా వైపు ఒకసారి చూసి, పిల్ల లేవకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.