మధ్య సీటు మనిషి

విమానంలో సీట్లు ఎంచడం మా ఇంట్లో నా పని. "నీకు బాగా తెలుసుగా, నువ్వే చూడు" అంటారు ఆయన. నిజమే, తెలుసు. పదమూడు గంటల ప్రయాణమంటే వారం ముందు నుంచీ ఫోన్‌లో సీట్ల బొమ్మ తెరుచుకుని కూర్చుంటాను. రెక్కల దగ్గరి వరసల్లో కుదుపు తక్కువ. చిట్టచివరి వరసలో సీటు వెనక్కి వాలదు, పైగా బాత్‌రూమ్ తలుపు చప్పుడు. ఆయనకు కాళ్ళు పొడుగు, నడవ పక్కనే ఉండాలి. అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయింది, గంటకోసారి లేవాలి, ఆమెకూ నడవ పక్కనే ఉండాలి. అందుకని రెండు నడవల నడుమ ఉండే మూడు సీట్ల వరస పట్టుకుంటాను. ఈ కొస ఆయన, ఆ కొస అత్తయ్య. మిగిలిన సీటును నేను ఎంచక్కర్లేదు, అది ముందే నాది.

పెళ్ళైన కొత్తలో ఒకసారి కిటికీ పక్కన కూర్చోవాలని ఉందన్నాను. "ఏముంది అక్కడ చూడ్డానికి, మబ్బులేగా" అన్నారు ఆయన. అత్తయ్య నవ్వి, "అంత దూరం పోయి కూర్చుంటే మాకు అందవు కదమ్మాయ్" అన్నది. ఆ మాట నాలో ఎక్కడో ఉండిపోయింది. నేను అందాలి. నీళ్ళ సీసాలాగా, కళ్ళద్దాల పెట్టెలాగా, చెయ్యి చాపితే తగలాలి.

ఈసారి ప్రయాణం మా ఆడపడుచు కోసం. నడుముకు ఆపరేషన్ చేస్తున్నారు, పది రోజులు తోడుండి వచ్చేద్దామన్నారు. పది రోజుల సెలవు దొరకడానికి నెల పట్టింది. నేను పెట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. పన్నెండేళ్ళుగా రంగులు కలుపుతున్నాను. పక్క పన్నుకు, పెట్టిన పన్నుకు తేడా ఎవరూ కనిపెట్టకూడదు, అంతే ఆ పనిలోని కిటుకు. కిందటి నెలే రంగుల విభాగం మొత్తం నాకు అప్పజెప్పారు. ఇంట్లో చెబితే ఆయన "ఓహో, పళ్ళ మహారాణి!" అని, టీవీ గొంతు పెంచుకున్నారు.

విమానం పొద్దున బయల్దేరింది. మొదటి గంటంతా నాకు సర్దడమే సరిపోయింది. అత్తయ్య కాళ్ళు వాయకుండా బిగుతు మేజోళ్ళు తొడిగాను. ఆయన మెడకు గాలి దిండు, కళ్ళకు గంత, చెవులకు హెడ్‌ఫోన్లు ఇచ్చాను. ఆ తర్వాత వాళ్ళకు అక్కర్లేనివన్నీ ఒక్కొక్కటిగా నా ఒళ్ళోకి వచ్చాయి. అత్తయ్య సంచి, ఆమె కోటు, ఆయన కోటు, రెండో దిండు, ఖాళీ కప్పులు. భోజనాలయ్యాక కిటికీ తెరలు దింపేశారు, దీపాలు ఆర్పేశారు. బయట పట్టపగలే, లోపల మాత్రం రాత్రి. మూడు వందల మంది ఒక్కసారిగా ముసుగులు తన్నారు.

నాలుగో గంటలో నా పిక్క పట్టేసింది. ఒళ్ళో ఉన్న సామానంతా నా సీట్లో నిలబెట్టి, జారిపోకుండా పైనుంచి నా దుప్పటి కప్పి, బెల్టు కూడా పెట్టేశాను. ఆయన కాళ్ళ మీదుగా దాటి నడవలోకి వచ్చాను. ఆయన కదల్లేదు.

వెనక దాకా నడిచి, మడమలెత్తి దించి, నీళ్ళు తాగాను. అక్కడున్న ఎయిర్‌హోస్టెస్ నన్ను చూసి, "కాళ్ళు పట్టేశాయా? కాసేపు అక్కడ కూర్చోండి, ఆ కిటికీ సీటు ఖాళీయే" అన్నది. ఆమె చూపించిన చోటు మా వరసకు రెండు వరసల వెనక, పక్కన. రెండు సీట్లూ ఖాళీ. ఐదు నిమిషాలు కూర్చుందామనుకున్నాను. కిటికీ తెర వేలెడు ఎత్తాను. ఎంత వెలుగో! సన్నటి గీత నా మోకాళ్ళ మీద పడింది. ఒళ్ళో ఏమీ లేదు. ఒళ్ళో ఏమీ లేకుండా కూర్చుని ఎన్నాళ్ళైందో గుర్తు రాలేదు.

అప్పుడు మా వరసవైపు చూశాను. నా సీట్లో నేను ఉన్నాను.

అలాగే అనిపించింది. దుప్పటి కింద తల, పక్కకు వాలిన భుజం, ఏసీ గాలికి నేను ఎప్పుడూ ముసుగేసుకునే తీరు. అది దిండు, సంచి, కోట్లు అని నాకు తెలుసు, పెట్టింది నేనే. రంగులో వెంట్రుకవాసి తేడా పట్టే కళ్ళు నావి. అయినా ఒక్క క్షణం, అక్కడ కూర్చున్నదెవరు, ఇక్కడ కూర్చున్నదెవరు అని లోపల ఏదో జారింది.

ఆయన చెయ్యి కదిలింది. గంత తియ్యకుండానే ఖాళీ గ్లాసు మధ్య సీటు వైపు చాపారు. ఒక క్షణం ఆగి, దుప్పటి ఒళ్ళో పెట్టేసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను లేవబోయి ఆగాను. చూద్దాం, ఇప్పుడు కనిపెడతారు.

కనిపెట్టలేదు. అరగంటకు అత్తయ్య, "అమ్మాయ్, చలేస్తోంది" అన్నది. జవాబు రాకపోతే తన దుప్పటి తనే పైకి లాక్కుని, ఆ భుజం మీద తల పెట్టి పడుకున్నది. తర్వాత చిరుతిళ్ళ బండి వచ్చింది. ఎయిర్‌హోస్టెస్ మధ్య సీటుకేసి వంగి, "ఈవిడకు?" అని అడిగింది. "ఆమె తినదు. ఆమెది కూడా ఇటివ్వండి" అన్నారు ఆయన. బండి నా వరసకు వచ్చింది. కొత్తమ్మాయేమో, చేతిలో కాగితం చూసుకుని, "ఇక్కడ ఎవరూ లేరనే ఉందండీ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గంట గడిచింది, రెండు గడిచాయి. వెళ్ళాలనీ ఉంది, వెళ్ళాలనీ లేదు. మూడో గంటలో ఆయన గంత పైకి నెట్టుకుని కూర్చున్నారు. హెడ్‌ఫోన్లు తియ్యలేదు. అవి ఉంటే ఆయన గొంతు తనకు తెలియకుండానే పెరుగుతుంది. ఇటు జవాబు ఆయనకు వినపడదు. ఆ లెక్కన మా ఇంట్లో చాలా ఏళ్ళుగా అవి పెట్టుకునే ఉన్నారు.

"ఏమే, ఒక మాట" అన్నారు, నేరుగా ఆ ముసుగునే చూస్తూ. "పది రోజులతో అయ్యేట్టు లేదు. అక్కయ్య ఆర్నెల్లు మంచం దిగకూడదట. నేనూ అక్కయ్యా మాట్లాడుకున్నాం. అమ్మా నువ్వూ అక్కడే ఉండిపోండి. నేను తిరిగి వెళ్తాను. ఆ పళ్ళ ఉద్యోగం ఎటూ ఎన్నాళ్ళు చేస్తావు? దిగగానే మానేస్తున్నానని మెయిల్ పెట్టెయ్. సరేనా?"

విమానం అప్పుడు కుదిపింది. పెద్ద కుదుపేం కాదు. దుప్పటి కింద తల ముందుకు వాలి, మెల్లగా వెనక్కి వచ్చింది.

"మంచిది" అన్నారు ఆయన. "నువ్వు కాదనవని తెలుసు." మళ్ళీ గంత దించుకున్నారు.

అరుద్దామనుకున్నాను. సగం లేచి, మళ్ళీ కూర్చున్నాను. నా పన్నెండేళ్ళను ఇచ్చెయ్యడానికి నేను అక్కడ ఉండాల్సిన అవసరం కూడా లేదు. సంచీ దిండూ చాలు.

ఆయన గొంతుకే మెలకువ వచ్చిందో ఏమో, అత్తయ్య కదిలింది. నిద్రమత్తులోనే చెయ్యి దుప్పటి కిందకు పోనిచ్చింది, మాత్ర కోసమేమో. ఆ చెయ్యి లోపల తడిమింది, ఆగిపోయింది. అంచు కొద్దిగా ఎత్తి చూసింది. ఇక కొడుకును లేపుతుంది అనుకున్నాను. లేపలేదు. జారిన దుప్పటిని పైకి లాగి, తల మీద సర్ది, మెడ దగ్గర చుట్టూ దోపింది, పసిపిల్లకు దోపినట్టు. తర్వాత వెనక్కి తిరిగి, చీకట్లో ఒక్కొక్క ముఖమే వెతికి, నా దగ్గర ఆగింది.

కాసేపటికి సీట్లు పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. నేను భయపడుతూ, "కాళ్ళు పట్టేస్తే..." అని మొదలుపెట్టాను.

"ఎవరడిగారు" అన్నది. వెలుగు గీతలో తన చెయ్యి పెట్టి, తిప్పి చూసుకుంది. "హాయిగా ఉంది కదూ?"

"ఊఁ."

"నాకు తెలుసులే. మీ మామయ్య పక్కన నేనూ ఇలాగే చేసేదాన్ని. మూట ఒకటి ఆయన పక్కన కూర్చోబెట్టి నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. మనిషినక్కడే ఉంటానమ్మాయ్, వండుతాను, పెడతాను, ఊఁ కొడతాను. లోపల మాత్రం ఉండేదాన్ని కాదు. ఎంత సుఖమో. ఆయన పోయేదాకా కనిపెట్టలేదు."

"తర్వాత?"

"ఆయన పోయాక, ఇక వెనక్కి వద్దామనుకున్నాను." ఆమె గొంతు తగ్గింది. "వస్తే చోటు లేదు. మూటే ఉంది. పిల్లలు దాన్నే అమ్మా అంటున్నారు. వియ్యపురాలు దానితోనే మాట్లాడుతోంది. నిన్ను చూడ్డానికి వచ్చింది కూడా అదే. అందవు కదమ్మాయ్ అన్నది కూడా అదే." నా ముఖంలోకి చూసింది. పాతికేళ్ళలో ఆ కళ్ళను అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. "వాడు నిన్నేం అడిగాడో విన్నాను. నేను చెప్పను వాడికి. నువ్వు కావాలంటే ఇక్కడే ఉండు. దిగేదాకా ఉన్నా ఎవరికీ తెలీదు. ఆ తర్వాత కూడా తెలీదు."

అంతవరకూ ఆమె మాటలు వింటుంటే నాకు హాయిగానే ఉంది. ఆ చివరి మాటకు వెన్ను జలదరించింది. రెండు వరసల ముందు ఆ ముసుగు తల నిటారుగా, ఓపికగా, నాకంటే బాగా కూర్చుని ఉంది.

లేచాను. అత్తయ్యను కిటికీ వైపు జరగమన్నాను. "నాకెందుకే" అంటూనే జరిగి, తెర ఇంకో నాలుగు వేళ్ళు ఎత్తింది.

మా వరస దగ్గరికి వెళ్ళి ఆయన భుజం తట్టాను. గంత ఎత్తి, నడవలో నిలబడ్డ నన్ను చూసి, "ఏం?" అన్నారు విసుగ్గా. హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పెట్టాను.

"పదో రోజున నేను వెనక్కి వెళ్తున్నాను. ఉద్యోగం మానను. వదిన కోసం మీరు సెలవు పెట్టుకుని ఉండండి."

"ఇదేంటి కొత్తగా? ఇందాక సరేనన్నావుగా. తల కూడా ఊపావు."

"నేను ఇక్కడ లేనండీ. నాలుగు గంటలుగా ఆ వెనక కూర్చున్నాను."

ఆయన నవ్వారు. ఆ నవ్వుతోనే పక్కకు తిరిగారు. అక్కడ ముసుగులో ఇంకా ఎవరో కూర్చునే ఉన్నారు. నవ్వు ఆగిపోయింది. నా వైపు చూశారు, దాని వైపు చూశారు. చెయ్యి చాపి దుప్పటిని తాకబోయి, తాకకుండానే వెనక్కి తీసుకున్నారు.

"మరి ఇంతసేపూ నేను మాట్లాడింది..." అని ఆగిపోయారు.

బెల్టు విప్పి, సంచీ దిండూ కోట్లూ తీసి ఒక్కొక్కటే ఆయన ఒళ్ళో పెట్టాను. నా సీట్లో కూర్చున్నాను. అది ఇంకా వెచ్చగా ఉంది. దిగడానికి ఇంకా ఐదు గంటలుంది. ఆ ఐదు గంటల్లో ఆయన నాతో నాలుగైదుసార్లు మాట్లాడారు. ప్రతిసారీ, నోరు తెరిచే ముందు, తల తిప్పి చూశారు.